మేరీరాణి తెచ్చిన పంపు

టికియాపారా రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన సురేష్ బాబు దగ్గర ఒక పాత అంబాసిడర్ ఉంది. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. అప్పటికే అది పాతది. కార్లలో తిరిగే కుటుంబం కాదు వాళ్లది. కానీ ఆదివారం గంగ అవతల భవానీపూర్‌లో జరిగే తెలుగు ఆరాధనకి బస్సులో నలగకుండా, కట్టుకున్న చీర మడత చెడకుండా వెళ్లాలని భార్య జాయ్స్‌కి కోరిక. అందుకోసం కొన్నాడు. కొన్న మొదటి ఆదివారమే జాయ్స్ వాళ్ల పిన్ని మేరీరాణిని కూడా వెనక సీట్లో ఎక్కించుకుంది.

మేరీరాణి రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రులు పోయిన అన్న మనవరాలు కెరోలిన్‌ని తెచ్చుకుని పెంచింది. చర్చిలో హార్మోనియం ఆవిడదే. జాయ్స్‌కి పాట నేర్పింది కూడా ఆవిడే.

జాయ్స్ జబ్బు చేసి పోయాక కూడా సురేష్ బాబు ఆదివారం కారు తీయడం మానలేదు. ముసలావిడ, మోకాళ్ల నొప్పులు, బస్సెలా ఎక్కుతుందని తీసుకెళ్లేవాడు. ఇప్పుడు ఆవిడ ముందు సీట్లో, అతని పక్కన కూర్చునేది. కారు వీధి మలుపు తిరగ్గానే జాయ్స్ కబుర్లు మొదలయ్యేవి. జాయ్స్‌కి వంకాయ పడేది కాదని, చిన్నప్పుడు వర్షంలో చెప్పులు పోగొట్టుకుందని, పెళ్లికి ముందు రోజు ఊరికే ఏడ్చిందని. చెప్పినవే మళ్లీ చెప్పేది. ఆవిడకి అది ఓదార్పు. అతనికి మాత్రం మానుతున్న పుండు మీద గోరు పెట్టినట్టుండేది. స్టీరింగు గట్టిగా పట్టుకుని ఊ కొట్టేవాడు.

మొన్నటి వేసవిలో ఒక ఆదివారం, విద్యాసాగర్ సేతు ఎక్కుతుండగా కారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకిచ్చే ఫ్యూయల్ పంపులో రబ్బరు పొర చిరిగింది. మేరీరాణిని టాక్సీ ఎక్కించి పంపి, తను బానెట్ ఎత్తి వంతెన మీద నిలబడ్డాడు. కింద గంగ, మీద ఎండ. పక్కన మాట్లాడేవాళ్లు లేరు. ఎంతో కాలానికి ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. అలా అనిపించినందుకు ఆ వెంటనే సిగ్గేసింది.

రబ్బరు పొర మార్చడం అతనికి పెద్ద పని కాదు. వారం తిరక్కుండానే పంపు బాగయింది. శనివారం మేరీరాణి ఫోన్ చేసి బండి సంగతి అడిగింది. బాగయిందని చెప్పడానికే నోరు తెరిచాడు.

"లేదత్తయ్యా. ఆ పంపుని నమ్మలేం. మళ్లీ దారిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేస్తాది" అన్నాడు.

ఆ ఒక్క వారానికే అనుకున్నాడు. తర్వాతి వారం కూడా అదే మాట వచ్చింది. సరుకు దొరకడం లేదన్నాడు, పాత బండి కదా అన్నాడు. తను చర్చికి వెళ్లడమే మానేశాడు. బస్సులో వెళ్తే పక్కన ఆవిడే కదా. కారు మీద టార్పాలిన్ కప్పి, ఆదివారం పొద్దున్నే తలుపేసుకుని పడుకునేవాడు. మేరీరాణి బస్సులో నిలబడి వెళ్తోందని, తను లేకపోతే హార్మోనియం ఎవరు వాయిస్తారని అంటోందని చర్చివాళ్లు చెప్పారు. వింటే అన్నం సహించేది కాదు. ఈ ఆదివారం ఎలాగైనా తీసుకెళ్లాలనుకునేవాడు. తీరా శనివారం ఫోన్ మోగితే పంపు మీదే తోసేసేవాడు.

ఒక మధ్యాహ్నం కెరోలిన్ ఫోన్ చేసింది. సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేసే ఆ పిల్లకి తెలుగు ఇంటివరకే, అదీ సగం బెంగాలీ.

"మామ్మ బస్ దిగుతుంటే పడిపోయింది అంకుల్. చెయ్యి విరిగింది. నీ గాడి, అదే కారు, దాని కోసం ఏదో కొనాలని మల్లిక్ బజార్‌కి ఒక్కతే వెళ్లింది. నాకు బొలేనీ, చెప్పనే లేదు."

అతను వెళ్లేసరికి మేరీరాణి మంచం మీద కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. అతన్ని చూడగానే మొహం విప్పారింది. ఎడమచేత్తో దిండు కిందనుంచి కాగితం పొట్లం తీసి అందించింది. విప్పితే నూనె మరకలతో ఒక పాత పంపు.

పాత కార్ల సామాన్లమ్మే దుకాణాలన్నీ తిరిగిందట. అన్నా అన్నట్టు బెంగాలీలో దాదా, దాదా అని అడిగి అడిగి నోరు ఎండిపోయిందట. ఆఖరికి ఒకాయన లోపలి గదిలోంచి వెతికి ఇచ్చాడట. బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవాల్సిన చేత్తో ఆ పొట్లం పట్టుకుందట. పడినా అది మాత్రం చేతిలోంచి జారలేదని సంతోషంగా చెప్పింది.

"ఇంకేటి బాబూ, నీ బండికి రోగం కుదిరినట్టే. మళ్లీ మనిద్దరం మన జాయ్స్ కబుర్లు చెప్పుకుంటా ఎల్లొచ్చు."

నిజం గొంతుదాకా వచ్చింది. ఆ కట్టు వైపు చూశాక బయటికి రాలేదు. పొట్లం చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, మంచి పంపు విప్పేసి, ఆవిడ తెచ్చింది బిగించాడు. అది అరిగిపోయిందని చేత్తో నొక్కి చూసినప్పుడే తెలిసింది. అయినా బిగించాడు. ఆవిడ ఎముక విరగ్గొట్టుకుని తెచ్చినదాన్ని పక్కన పడేయడానికి మనసు రాలేదు.

ఆ ఆదివారం నుంచి మళ్లీ ఇద్దరూ వెళ్లారు. "నా పంపు ఎలాగుంది?" అని మేరీరాణి కారెక్కగానే అడిగేది. బాగా పనిచేస్తోందనేవాడు. ఎండెక్కితే అది మొరాయించేది. అందుకని ఎండ ముదరక ముందే బయల్దేరేవాడు. చర్చి దగ్గర ఆవిడ దిగి లోపలికెళ్లాక తడిగుడ్డ పంపుకి చుట్టి చల్లబరిచేవాడు. మొదట మంచి పంపుని చెడ్డదన్నాడు, ఇప్పుడు చెడ్డదాన్ని మంచిదంటున్నాడు. జాయ్స్ కబుర్లన్నీ మాట్లాడకుండా విన్నాడు. అదే తనకి తగిన శిక్ష అనుకున్నాడు.

కట్టు విప్పాక మేరీరాణి కుడిచేతి వేళ్లు పూర్తిగా చాపలేకపోయింది. హార్మోనియం ముందు పాస్టరు గారి కోడలు కూర్చుంది. మేరీరాణి మొదటి బల్ల మీద కూర్చుని ఎడమచేత్తో ఒళ్లో తాళం వేసుకునేది. వెనక వరసలో ఉన్న సురేష్ బాబు పాట అయ్యేదాకా తలెత్తేవాడు కాదు.

వేళ్లకి వ్యాయామం చేయించడానికి భవానీపూర్‌లో ఒక డాక్టరు దగ్గరికి అతనే తీసుకెళ్లేవాడు. అలా ఒకసారి తిరిగొస్తుంటే, మిట్టమధ్యాహ్నం, ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి వేడెక్కిన కారు సేతు దాటాక ఆగిపోయింది. పక్కకి తోసి బానెట్ ఎత్తాడు. మేరీరాణి కూడా దిగి వచ్చింది.

"నా పంపేనా?" అంది.

వైరు ఊడిందని చెప్పొచ్చు. ఆవిడ నమ్ముతుంది. కానీ అతనికి ఇంకో అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

"అవునత్తయ్యా. మొదట్నుంచీ ఇంతే. బాగుందని అబద్ధం చెప్పేను."

"అయితే నీ పాతదే నయమేటి దీనికన్నా?" అంది, అమాయకంగా.

"అది బాగానే ఉంది. మీరు బజారుకెళ్లే నాటికే బాగుచేసేసేను. మీరు జాయ్స్ మాటెత్తితే తట్టుకోలేకపోయేవోడిని. అందుకే బండి చెడిపోయిందని చెప్పుకుంటా వచ్చేను. మీ చెయ్యి నావల్లే పోయింది."

మేరీరాణి వెళ్లి తలుపు తెరిచి ఉంచి సీట్లో కూర్చుంది. బస్సులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఒళ్లో ఉన్న కుడిచేతిని చూసుకుంటూ, నెమ్మదిగా అంది.

"ఆ ముక్క సెప్పుంటే నోరు మూసుకుని కూకుందును కద బాబూ. దాని గురించి మాట్లాడ్డానికి నాకు మాత్రం నువ్వు తప్ప ఎవరున్నారు?"

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆవిడ సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. గుడ్డ తడిపి పంపు మీద వేశాడు. అది చల్లారేదాకా బానెట్ దగ్గరే నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే మంచి పంపు మళ్లీ బిగించాడు. ఆదివారం వస్తుందో రాదోనని భయపడుతూనే వెళ్లి హారన్ కొట్టాడు. మేరీరాణి వచ్చింది, కూర్చుంది. మలుపు తిరిగినా, సేతు ఎక్కినా నోరు విప్పలేదు. ఒకప్పుడు అతను కోరుకున్న నిశ్శబ్దమే అది. ఇప్పుడు కారంతా నిండి ఊపిరాడనివ్వలేదు. చివరికి అతనే అడిగాడు, జాయ్స్ చర్చిలో మొదటిసారి పాడిన రోజు తను లేడు కదా, ఎలా పాడిందని.

మేరీరాణి కిటికీలోంచి నది వైపు చూస్తూ ఉండిపోయింది. ఇక చెప్పదనుకున్నాడు.

"తప్పులు పాడింది. రెండో చరణం మర్చిపోయి నాకేసి చూసింది" అంది.

అంతే చెప్పింది. అతను ఇంకా అడగలేదు. మరుసటి ఆదివారం ఇంకొంచెం చెప్పింది, అతను అడిగాకే. తనంతట తాను ఆ పేరెత్తడం మాత్రం మానేసింది. చెయ్యి కూడా మునుపటిలా కాలేదు, కాదని డాక్టరు చెప్పేశాడు. అయినా సురేష్ బాబు వ్యాయామానికి తీసుకెళ్లడం మానలేదు. గది బయట బెంచీ మీద కూర్చుని, లోపల ఆవిడ నొప్పికి మూలుగుతుంటే, లేచి వెళ్లిపోకుండా వింటాడు.