జవాబు కోసం ఆగని తెర

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరంతా చెప్తుంది. నిజమే. కానీ ఈ ఒక్క మాట ఆరేళ్ళుగా నానుతూనే ఉంది. ఎవరైనా మామూలుగా "సిస్టమ్ ప్రాబ్లమ్" అన్నా చాలు, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

భవానీపురంలో ఇంట్లో కూర్చునే ప్రోగ్రాములు రాస్తాను. ఆరేళ్ళ కిందట ఉయ్యూరు అవతల ఒక చిన్న ఆసుపత్రికి పేషెంట్ల వివరాలు ఎక్కించే అప్లికేషన్ చేసిచ్చాను. వెబ్ పేజీలు రాసే పద్ధతిలోనే రాసి, డెస్క్‌టాప్ మీద నడిచేలా పెట్టాను. అలాంటివాటిలో రెండు ప్రాసెస్‌లుంటాయి. ఒకటి తెర చూపిస్తుంది, రెండోది వెనకుండి వివరాలు భద్రం చేస్తుంది. ఒకదాని పనిలో ఇంకోటి చెయ్యి పెట్టడానికి లేదు, మెసేజ్‌లు పంపుకోవాల్సిందే. హోటల్లో సర్వర్ కేకేస్తే వంటింట్లోంచి జవాబు రావాలి చూడండి, అంతే. ఆ జవాబు వచ్చాకే తెర మీద పచ్చ టిక్కు పడాలి.

మొదట అలాగే రాశాను. జవాబొచ్చేసరికి రెండు మూడు సెకన్లు పట్టేది. డాక్టరుగారు అందరి ముందూ నత్తనడక అని విసుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి ఆ ఎదురుచూపు తీసిపారేశాను. నొక్కగానే టిక్కు. మెసేజ్ పోతుంది, జవాబు సంగతి ఎవరూ అడగరు. ఏమవుతుందిలే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక అనుమానం వచ్చినా అణిచేశానా? వచ్చింది. ఇప్పుడు దాచి ఏం లాభం, వచ్చింది.

ఆ ఆసుపత్రిలో హెడ్ నర్సు సుగుణ సిస్టర్. పాతికేళ్ళ అనుభవం. ఎవరికి ఏ మందు పడదో ముందు నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్లో ఎక్కించేది. చూసి నవ్వాను.

"ఇంకా ఈ పుస్తకమెందుకు సిస్టర్? డబుల్ పని కదా మీకు."

"అలవాటమ్మాయ్. దీన్ని నమ్మొచ్చంటావా?"

"పచ్చ టిక్కు పడిందంటే ఎక్కినట్టే. పూచీ నాది."

"సరేలే, నీ మాటే," అని పుస్తకం సొరుగులో పెట్టేసింది.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఓ మధ్యాహ్నం జిలానీ గారని ఒక టైలరు జ్వరంతో చేరారు. ఫలానా ఇంజెక్షన్ తనకి పడదని సిస్టర్‌కి ముందే చెప్పారు. ఆవిడ ఎక్కించింది, టిక్కు పడింది. సరిగ్గా అప్పుడే వెనక ప్రాసెస్ ఆ రోజు వివరాలకి ఇంకో నకలు, అంటే బ్యాకప్, తీస్తోంది. అది అయ్యేదాకా కొత్తగా ఏదీ రాసుకోలేదు. 'రాయలేకపోయాను' అని జవాబు పంపింది కూడా. ఆ జవాబు వినడానికి తెర వైపు నేనేమీ ఉంచలేదు. సాయంత్రం డ్యూటీ మారింది. అప్పటికి ఆయన జ్వరం మగతలో ఉన్నారు. వచ్చిన నర్సు తెర చూసింది, అక్కడ ఏమీ లేదు, అదే ఇంజెక్షన్ ఇచ్చింది. అరగంటలో ఆయన పోయారు.

మర్నాడు నన్ను పిలిచి సిస్టమ్ చూడమన్నారు. గదిలో నేనొక్కదాన్నే. లాగ్ ఫైల్ తెరిచాను. ఏ మెసేజ్ ఎప్పుడొచ్చిందో, దాని గతేమైందో అందులో వరుసగా పడుతుంది. ఆయన పేరు, ఆ మందు పేరు, పక్కనే 'రాయలేకపోయాను'. తలుపవతల సుగుణ సిస్టర్ గొంతు వినిపిస్తోంది, ప్రభువు సాక్షిగా ఎక్కించానండీ, ఎక్కించానండీ అని. ఆ గొంతు వింటూనే ఆ వరుస చెరిపేశాను. బయటికొచ్చి, ఎంట్రీ చేసిన దాఖలా ఏమీ లేదని చెప్పాను.

పాత నోటుబుక్కు తెప్పించారు. రెండు నెలలుగా ఒక్క ముక్క రాసి లేదు. ఆవిడ నా వైపు చూసింది. కుక్కిన పేనులా నిలబడ్డాను. ఈ అమ్మాయే రాయొద్దంది అని ఆవిడ ఒక్క మాట అనలేదు, అని ఉంటే నేనూ కక్కేసేదాన్నేమో. ఏమో, అదీ నమ్మకం లేదు. వారంలో ఆవిడ్ని గుట్టుగా ఉద్యోగంలోంచి తీసేశారు, తప్పెవరిదన్నారో జిలానీ గారింటివాళ్ళకి తెలియనివ్వలేదు. నేను ఆ ఎదురుచూపు మళ్ళీ పెట్టేసి, కొత్త వెర్షన్ పంపుతూ 'చిన్న సవరణలు' అని రాశాను. చిన్న సవరణలట! ఛీ, ఏం మనిషిని నేను.

మొన్న బుధవారం విజయవాడ బస్టాండులో ఆవిడ కనబడింది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి మొహం విప్పారింది, అదే భరించలేకపోయాను. గ్యాస్ కట్టేశానో లేదో అని మూడేసిసార్లు వెళ్ళి చూసుకుంటుందట. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయిందట. టిక్కు చూసినట్టే గుర్తుంది గానీ, తనే మర్చిపోయి ఉంటుందట. ఈ ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్తుందట, తన చేతుల్లో ఒక మనిషి ప్రాణం పోయిందని. అక్కణ్ణుంచి నేరుగా జిలానీ గారింటికెళ్ళి ఆయన భార్య కాళ్ళు పట్టుకుంటుందట. ఆ ఇంట్లో కొడుకులిద్దరూ ఇప్పుడు ఎదిగొచ్చారు. తండ్రిని పొట్టనబెట్టుకున్నదెవరో తేల్చుకోవాలని ఆరేళ్ళుగా రగిలిపోతున్నారని నేను విన్నాను, ఆవిడ వినలేదు. "మంచిది సిస్టర్" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. బస్సెక్కించి చెయ్యి కూడా ఊపాను.

ఇవాళ శుక్రవారం. ఫోన్ తీస్తాను, ఆవిడ నంబరు చూస్తాను, పక్కన పెట్టేస్తాను. దేనికి భయం? పోలీసులకా? నన్ను చూసి ఆ మొహం ఇంకెప్పుడూ విప్పారదనా? క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆవిడ క్షమించేస్తుంది, దానికి నేను తగను. ఆదివారంలోగా ఆవిడ గుమ్మం దాకా వెళ్తానో లేదో తెలీదు. ఇంత రాశాక గుండె కాస్త తేలికపడింది, సిగ్గులేని గుండె. సుగుణ సిస్టర్ ఎవరి ప్రాణమూ తియ్యలేదు. ఆవిడ ఏదీ మర్చిపోలేదు. ఆవిడ ఎక్కించిన వరుస నేను కళ్ళారా చూశాను, నా చేత్తో చెరిపేశాను.