చెల్లెలి కవితలో నా చేతులు

మా చిన్నప్పుడు కోయంబత్తూరు పక్కన పోదనూరు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం... ఒక గది, ఒక వంటిల్లు, అంతే. సాయంత్రం నాయన డ్యూటీ దిగి వచ్చాడంటే అమ్మతో తగువు మొదలయ్యేది. నేను చెల్లెలు చిట్టిని గోడవారకు లాక్కుని, రెండు చేతులతో దాని చెవులు మూసేదాన్ని.

ఉన్న రెండు చేతులూ దానికే సరిపోయేవి... నాకు అన్నీ వినపడేవి.

ఒకసారి అమ్మ అంది, "ఈ బిడ్డలు లేకుంటే నేను ఎప్పుడో పోయుందును." చిట్టి అప్పుడు నా గాజులు లాగి ఆడుకుంటోంది.

చిట్టి ప్లస్ టూ చదివేటప్పుడు బడి వార్షికోత్సవంలో తన కవిత చదివింది. మా చదువంతా అరవం బళ్ళోనే కాబట్టి కవిత కూడా అరవంలోనే. ఇంట్లో తగువులు మాత్రం తెలుగులో జరిగాయి... ఆ సంగతే కవితలో దాచకుండా "నేను" అంటూ చెప్పింది. అక్క అరచేతుల వేడి, వాటి అవతల ఏం జరుగుతోందో తెలియని భయం... టీచర్లు కళ్ళు తుడుచుకున్నారు. హాలంతా చప్పట్లు.

నాకు కడుపు మండిపోయింది. విన్నదాన్ని నేను... చప్పట్లు విననిదానికా?

మర్నాడు అమ్మ మునగాకు దూస్తూ నన్ను పిలిచింది. అంగట్లో బేరమాడే అరవం ఆమెకు బాగా వచ్చు, కవితలోది అంతుపట్టదు.

"చిట్టి ఏమో రాసిందంట కదా. మన మాటలో చెప్పు పాపా."

ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"అయితే నీ చెవులు ఎవరు మూసిరి?"

"రైలు చప్పుడులో నాకేమీ వినపడలా మా," అన్నాను.

అమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత మళ్ళీ ఆకు దూయసాగింది.

తనతో నేను మాట్లాడటం లేదని చిట్టి వచ్చి పక్కన కూర్చుంది. "కోపమా అక్కా? నాకు తెలిసింది నీ చేతులే. అదే రాస్తిని. నువ్వు విన్నది నువ్వు రాయి."

ఎలా రాయను? అమ్మ అన్న ఆ మాట కాగితం మీదికి వస్తే అమ్మ బతుకే బయటపడుతుంది...

అప్పటినుంచి తమ ఇంటి గుట్టు "నేను" అని విప్పి చెప్పే కవితలు ఎక్కడ కనిపించినా చదువుతాను. ఒక్కొక్కరి ధైర్యం చూసి ఒళ్ళు మండుతుంది. అయినా చదువుతాను.

మొన్న కోయంబత్తూరులో ఆ కవిత కూడా ఉన్న చిట్టి పుస్తకం విడుదలైంది. ఎవరో కాలేజీ పిల్ల నా దగ్గరికి వచ్చి, "ఆ అక్క మీరేనా?" అని నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వాను. వేదిక మీద చిట్టి ముఖం, మాట, పేరు... నావి చేతులు మాత్రమే.

అమ్మ పోయి చాలా కాలమైంది. తెలుగు రాయడం నేను పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను. ఆమె అన్న ఆ మాటను ఆమె భాషలోనే రాయడం ఇదే మొదటిసారి... చిట్టి ఇంకా చదవలేదు.

ఇప్పటి పిల్లలు మనసులో ముల్లు గుచ్చుకోగానే స్టేటస్ పెట్టేస్తున్నారు. వాళ్ళను చూసినా అసూయే నాకు.

మీ ఇళ్ళల్లోనూ ఒకరు రాసి ఉంటారు, ఒకరు విని ఉంటారు... విన్నవాళ్ళు ఉంటే, ఈసారి మీరు చెప్పండి.