పోయినవాళ్లకు నమ్మకమైన చోటు

మంగళూరు పక్కన కుదురుపాడి చర్చిలో చావు గంట మోగితే, అరగంటలో బొనిఫాస్ లస్రాదో కంప్యూటర్ ముందు ఉండేవాడు. పెంకుల ఫ్యాక్టరీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పోయినవారి ఫోటో, ఇంటిపేరు, సమాధి చేసే వేళ తన వెబ్‌సైట్లో పెట్టేవాడు. మస్కట్‌లోని మనవాళ్లు పొద్దున్నే అది తెరిచి, అందులో తమ పేరు లేదని రూఢి చేసుకున్నాకే కాఫీ తాగేవారట. పద్దెనిమిదేళ్లలో నాలుగు వేల మంది అందులో చేరారు. వాళ్లలో సగం మంది ఫోటోలు సొంత ఇళ్లలో కూడా లేవు. వానలు, చెదలు తినేశాయి.

ఆ నాలుగు వేల మందీ ఉన్నది బెంగళూరులో, వెబ్‌సైట్లని అద్దెకు ఉంచుకునే సిప్రియన్ సర్వర్లో. హోస్టింగ్‌కి అతన్ని ఎంచుకున్నప్పుడు బొనిఫాస్ మూడే ప్రశ్నలు అడిగాడు: మీది ఏ చర్చి, ఎవరి కొడుకువి, మీ ఇంట్లో ఫాదర్లు ఎవరైనా ఉన్నారా? అన్నయ్య ఫాదరేనని తెలిశాక నాలుగో ప్రశ్న అడగబుద్ధి కాలేదు.

గురువారం ఆ సిప్రియన్ ఫోన్ చేశాడు. కొంకణి కుర్రాళ్లందరిలాగే అతనూ బొనిఫాస్‌ని మామ్, అంటే మామయ్య, అనేవాడు.

"మామ్, దుకాణం ఎత్తేస్తున్నా. ఓడలో ఉద్యోగం వచ్చింది. ఎల్లుండి శనివారం పన్నెండింటికి మిషన్లు కొన్నవాడు లారీ తెస్తాడు."

"మరి మావాళ్లో? బ్యాకప్ ఎక్కడుంది?"

"అదీ ఆ మిషన్లోనే ఉంది మామ్."

ఇంకేం దారుందని బొనిఫాస్ అడిగాడు. ఇంటి ఇంటర్నెట్ లైను మీద అంతా దించుకోవాలంటే వారం పడుతుందట. ఇంకో సర్వర్‌కి పంపితే రెండు గంటల పని. అంటే శనివారం పదింటికల్లా ఇంకో మనిషిని నమ్మాలి.

"మా చిన్నక్క మరిది రాకీ లేడూ, ఈ సర్వర్ల పనే చేసేవాడు?" అంది భార్య అప్పొలీన్. "మన చర్చివాడు, కొంకణిలోనే మాట్లాడతాడు."

రాకీ ఆ సాయంత్రమే సన్నాలనే మెత్తటి ఇడ్లీలూ పంది మాంసం కూరా ఉన్న క్యారియర్‌తో వచ్చాడు. "నా సర్వర్ ఒక్క క్షణం ఆగదు మామ్. జీవితాంతం గ్యారంటీ."

"ఎవరి జీవితాంతంరా?"

"మీ జోకులు మీవే మామ్!"

బొనిఫాస్‌కి తృప్తి కలగలేదు. ఒక సెమినరీ వెబ్‌సైట్ అడుగున, దాన్ని తమ సర్వర్లో ఉంచినవాళ్లదని కనిపించిన హుబ్బళ్లి నంబరుకి ఫోన్ చేశాడు. దాక్షాయిణి హొన్నళ్లి అనే ఆవిడ ఎత్తింది.

"మీది ఎప్పుడూ ఆగదా అమ్మా?"

"ఆగుతుంది సార్. పోయినేడు నాలుగు గంటలు ఆగింది. ఎందుకు ఆగిందో మా సైట్లోనే రాసి పెట్టాం."

"విన్నావా? తన నోటితోనే ఒప్పుకుంటోంది!" అని అప్పొలీన్ పెదవి విరిచింది.

శుక్రవారం బొనిఫాస్ పరీక్ష పెట్టాడు. ఇద్దరి దగ్గరా మూడేసి చావు కబుర్లు ఉంచి, బయట ఎవరికీ కనపడకూడదని చెప్పాడు. మర్నాడు తనే వాటిని తుడిచేసి, తిరిగి తెమ్మని అడగాలని ఎత్తు. రెండు కబుర్లు పాతవే. మూడోది కొత్తగా రాయాలి. బతికున్న ఇంకొకరి పేరు రాస్తే పాపం కదా, అందుకని తన పేరే రాసుకున్నాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి సమాధి. ఫోటోలో తను కాస్త అందంగానే ఉన్నాననుకున్నాడు కూడా.

శనివారం తొమ్మిదింటికి తుడిచేసి, ఇద్దరికీ ఫోన్ చేశాడు. రాకీ ఎత్తలేదు. ఇరవై నిమిషాల్లో దాక్షాయిణి ఫోన్ వచ్చింది.

"మూడూ తెచ్చి పెట్టాను సార్. కానీ ఒకటి మీ పేరు మీదే ఉంది. మీరు బాగానే ఉన్నారా?"

అతను జవాబు చెప్పేలోపే చర్చిలో చావు గంట మోగింది. అలవాటు కొద్దీ బొనిఫాస్ ఆ ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ వైపు జరిగి, పోయిందెవరో కనుక్కుందామని చర్చి వార్డు పెద్దకి ఫోన్ చేశాడు. ఆయన ఏడుస్తూ ఎత్తాడు.

"అయ్యో నాయనా, బొనిఫాస్ ఎప్పుడు పోయాడు?"

"నేనే మాట్లాడుతున్నా."

ఆయన వెక్కుతూనే అన్నాడు: "గొంతు కూడా అచ్చం వాడిదే."

రాకీ ఆ కబురుని నిన్న సాయంత్రమే అందరికీ కనపడేలా వదిలేశాడు. అది రాత్రికి రాత్రే ఊళ్లోని ఫోన్లన్నీ తిరిగింది. తొమ్మిదిన్నరకి వాకిట్లో నల్లబట్టల వాళ్లు పద్నాలుగు మంది. వాళ్ల వెనకే పూలచక్రం పట్టుకుని, ముక్కు చీదుకుంటూ రాకీ! తన సర్వర్లో చూసింది తనే నమ్మేశాడు.

"రాకీ, నేను తుడిచేసిన ఆ మూడూ తిరిగి తెస్తావా?"

"తుడిచేశాక ఎలా వస్తాయి మామ్?" అన్నాడు రాకీ. ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు తెలిసి పూలచక్రం జారవిడిచాడు.

"ఏదో పొరపాటైంది. మనవాడే కదా..." అని అప్పొలీన్ గొణిగింది. బొనిఫాస్ అప్పటికే హుబ్బళ్లికి ఫోన్ కలిపాడు.

"అమ్మా, మావాళ్లని మీ దగ్గరికి పంపుతున్నా."

"ముందొకటి చెప్పండి సార్. ఆ సైట్ పేరు ఎవరి మీద రిజిస్టరైంది?"

"సిప్రియన్ మీద."

"ఇప్పుడే మీ పేరుకి మార్పించండి. నా పేరు మీద కూడా వద్దు. రేపు నేను నచ్చకపోతే, అందరినీ తీసుకుని మీరు వెళ్లిపోగలగాలి."

పద్దెనిమిదేళ్లలో ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. సిప్రియన్‌ని బతిమాలి, గద్దించి పేరు మార్పించేసరికి పదయింది. అప్పుడు కాపీ మొదలైంది. వాకిట్లో వాళ్లు ఇంటికి పోకుండా, ఒకరొకరే లోపలికొచ్చి అతని వెనక నిలబడ్డారు. తెర మీద గీత నత్తలా కదులుతోంది. పదకొండున్నరకి నూటికి డెబ్బై వంతులు. పావు తక్కువ పన్నెండుకి ఎనభై ఎనిమిది.

ఫోన్ మోగింది. "లారీ వచ్చింది మామ్. వాళ్లు తొందరపెడుతున్నారు."

"వాళ్లకి టీ ఇప్పించు! అన్నం పెట్టించు! ఆ వైరు జోలికి వెళ్లావో, ఫాదరైన మీ అన్నయ్యకి చెప్తా!"

తొంభై మూడు దగ్గర గీత ఆగిపోయింది. అప్పొలీన్ జపమాల అందుకుంది. గీత మళ్లీ కదిలింది. పన్నెండుకి రెండు నిమిషాలుండగా నిండింది.

"వచ్చేశారు సార్. ఒకసారి తెరిచి చూసుకోండి," అంది దాక్షాయిణి ఫోన్లో.

ఎవరిది తెరవాలో తోచక బొనిఫాస్ వెనక్కి తిరిగాడు. అతని కోసం కొవ్వొత్తి తెచ్చిన ముసలి నతాలిన్ ముందుకొచ్చింది.

"మా ఆయన్ని చూపించు నాయనా. మా ఇంట్లో ఒక్క ఫోటో మిగల్లేదు."

పేరు కొట్టాడు. తెర తెల్లబడి, తెల్లగానే కాసేపు ఉండిపోయింది. తర్వాత మీసాలతో, కాలరు గుండీ పెట్టిన చొక్కాతో ఒక ముఖం తేలింది.

నతాలిన్ కొవ్వొత్తి పక్కన పెట్టి తెరకి దగ్గరగా వంగింది. "ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను," అంది.