పేరు చదివే కొన్నానని చెప్పాను

మా మనవరాలు చదివేది ఇంటర్నేషనల్ బిజినెస్. ఏ దేశంలో ఏ సరుకు ఎలా అమ్మాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి, ఇదీ ఆ చదువు. అమ్మడానికి కూడా కాలేజీ కావాలా అని మొదట్లో ఎకసెక్కం చేశాను. వాళ్ల మేడమ్ మాత్రం పుస్తకంలో చూసి రాస్తే ఒప్పుకోదట. కొనే మనిషిని అడిగి తెలుసుకు రమ్మంటుందట.

ఆ మనిషి నేనే అయ్యాను. అమెరికాలో, చికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో చిక్కుళ్లకి ఈనెలు తీస్తుంటే పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, రీడ్ చేయడం రానప్పుడు షాప్‌లో నీ సోప్ ఏదో ఎలా తెలిసేది?"

"రంగును బట్టి. ఎర్రకాగితంది ఒంటికి, పచ్చకాగితంది బట్టలకి. ఒక్కోసారి అదే ఎరుపులో నకిలీది అంటగట్టేవాడు, దొంగ సచ్చినోడు. నురగ రాకపోతే అప్పుడు తెలిసేది."

"మరి ఫైట్ చేయలేదా?"

"ఏం చూపించి పోట్లాడను? పేరు చదవడం వస్తేగా."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. డ్వాక్రా మీటింగుల్లో వేలిముద్ర వేసి, ఆ సిరా కొంగుకి తుడుచుకోలేక నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లకి చెప్పుకోవడానికి నాకేం నామోషీ అనిపించలేదు.

నేను చెప్పినదాని మీదే పిల్ల, దాని జట్టు ప్రాజెక్ట్ చేశారు. చదువు రానివాళ్లు కూడా నకిలీని పట్టుకోగలిగేలా సబ్బు కాగితం ఎలా ఉండాలన్నది విషయం. ఒక సబ్బుల కంపెనీవాళ్ల ముందు తమ ప్రాజెక్ట్ చెప్పి మెప్పించిన జట్టుకి వేసవిలో వేరే దేశంలో పని. కాలేజీలో చేరినప్పటినుంచీ పిల్ల కళ్లన్నీ దాని మీదే.

ప్రాజెక్ట్ చెప్పే రోజున నేనూ మా అమ్మాయీ రైలెక్కి సిటీకి వెళ్లాం. హాల్లో నా పక్కన ఒక తెలుగావిడ కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యిందట. "మీరేం చదువుకున్నారండీ?" అని అడిగింది. "ఏదో, అప్పటి చదువులే లెండి" అని దాటేశాను.

కాసేపటికి తెర మీద నా ఫోటో పడింది. యాభై దాటేదాకా మా అమ్మమ్మకి చదవడం రాదు అంటోంది పిల్ల. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. హెడ్‌మిస్ట్రెస్ తల తిప్పి నావైపు చూసింది. నా చెవులు వేడెక్కాయి.

కంపెనీవాళ్లలో ఒకాయన ఆ మాట నా నోటే వింటానన్నాడు. పిల్ల మైకు పట్టుకుని సంబరంగా దిగి వచ్చింది. "చెప్పు అమ్మమ్మా, నకిలీ సోప్ ఇచ్చినప్పుడు ఎందుకు ఫైట్ చేయలేకపోయావో."

"నాకేం ఖర్మ? నేను పేరు చదివే కొన్నాను" అన్నాను. "మా వీధిలో వాళ్ల సంగతి చెబితే ఈ పిల్ల నా సంగతనుకుంది."

నా తెలుగు వాళ్లకి ఇంగ్లీషులో చెప్పాల్సింది పిల్లే. కావాలంటే మార్చి చెప్పేసుకోవచ్చు. మార్చలేదు. నేను అన్నది అన్నట్టు చెప్పి, అలాగైతే మేం చెప్పింది సరికాదని కూడా తనే ఒప్పుకుంది. జట్టులో మిగతా పిల్లలు తలలు దించుకున్నారు.

తిరుగు రైల్లో అడిగాను. "మార్చి చెప్పకపోయావా?"

"అలా చేయకూడదు అమ్మమ్మా. ఇంకొకళ్ల మాట మార్చితే ఎవరూ నిన్ను ట్రస్ట్ చేయరు. క్లాస్‌లో ఫస్ట్ నేర్పేది అదే." మళ్లీ తనే, "ఫోటో పెట్టేముందు నిన్ను అడగలేదు. మిస్టేక్ నాది" అంది.

మా అమ్మాయి కిటికీలోంచి చూపు తిప్పింది. "నీదేం కాదు. అబద్ధమాడింది ఈవిడ."

మర్నాడు మేడమ్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను.

"సెలెక్షన్ అయిపోయింది అమ్మమ్మా. వేరే టీమ్ వెళ్తోంది."

"అయినా పద."

మేడమ్ గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. "యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. పిల్ల చెప్పింది నిజం. నలుగురిలో సిగ్గేసి అబద్ధమాడాను" అన్నాను. పిల్ల అదీ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. మార్కులు సరిచేస్తానంది మేడమ్. కంపెనీ నిర్ణయం మాత్రం తన చేతిలో లేదంది.

ఈ వేసవి పిల్ల ఇక్కడే ఒక బట్టల షాపులో పనికి పోతోంది. నాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడుతుంది. చదువు రాకపోవడం నా తప్పు కాదు. మొన్న చేసింది నా తప్పే. ఆ పిల్ల పనికి బయల్దేరే వేళకి నేను ఏదో వంక పెట్టుకుని నా గదిలోకి వెళ్లిపోతున్నాను.