మిరియాలు ఏరేసిన కర్పూరం

ఎదురింటివాళ్లు సాయంత్రం హారతి వెలిగిస్తే ఆ వాసన వీధి దాటి మా వసారాలోకి వస్తుంది. కర్పూరం వాసనకి లోకంలో అందరికీ దేవుడు గుర్తుకొస్తాడు. నాకు సుంకం కచేరీ గుర్తుకొస్తుంది. భక్తిలో నేను మొదటినుంచీ కొంచెం వెనకబడినవాణ్ణే గాని, ఈ విషయంలో మాత్రం తప్పు నాది కాదు. గవరయ్య శెట్టిగారిది.

కంపెనీ పోయి రాణిగారి ఏలుబడి వచ్చిన కొత్తలో, మద్రాసులో కాలేజీ చదువు ముగించుకుని అమలాపురం తిరిగి వచ్చాను. నా ఇంగ్లీషు విని కొబ్బరిచెట్లు గాని వరిచేలు గాని ఏమంత చలించలేదు. గవరయ్యగారు ఒక్కరే కబురుపెట్టి, అర్జీలు రాయడానికి నన్ను పెట్టుకున్నారు. పీనాంగు, రంగూను ఓడల మీద సరుకు తెప్పించి అమ్మడం ఆయన వ్యాపారం. రేవులో దిగిన ప్రతి సరుకునీ కచేరీవాళ్లు ఏదో ఒక తరగతిలో రాస్తారు. ఆ తరగతిని బట్టి సుంకం. తక్కిన వర్తకులు వాళ్లు చెప్పింది కట్టేసి ఇంటికి పోయేవారు. గవరయ్యగారు కట్టే ముందు వాదించేవారు. ఒకసారి ఎండు ఖర్జూరాన్ని మిఠాయిల కింద రాశారు. ఆయన ఓ కాయ తీసి అధికారి చేతికి ఇచ్చి, “ఓసారి కొరకండి బాబూ. మిఠాయైతే నిన్న నా పన్నెందుకు కదిలిందండీ?” అన్నారు. అధికారి కొరకలేదు, తరగతి మార్చాడు. మరోసారి పొరపాటున ఆయనకే లాభంగా తక్కువ తరగతి రాస్తే, అదీ దిద్దించి ఎక్కువ కట్టి వచ్చారు. ఖర్జూరాన్ని క్షమించిన అధికారి దీన్ని మాత్రం క్షమించలేదు.

“ఎక్కువ కట్టకూడదండి పంతులుగారూ, తక్కువా కట్టకూడదండి. సరుకుని దాని పేరు పెట్టి పిలిస్తే చాలండి,” అనేవారు. అప్పుడు నాకది చాలా చిన్న కోరికలా కనిపించింది.

ఆ వేసవిలో గోదావరి లంకల్లో మరిడి జాడ్యం పుట్టింది. ఇప్పుడు కలరా అంటున్నారు. పేరు మారినా పని మారలేదు. వైద్యులు దానికి కర్పూరం వాడేవారు. గవరయ్యగారు భార్య మహాలక్ష్మమ్మగారి నగలు కూడా అమ్మి పీనాంగు నుంచి ఓ పెద్ద పెట్టెడు కర్పూరం తెప్పించారు. ఓడ నుంచి దాన్ని ఒడ్డుకి చేర్చింది సత్తెయ్య పడవ. అధికారి పెట్టె లోపలి సీసపు రేకు కోయించి, వాసన చూసి, అత్తరు పన్నీరుల పక్కన సుగంధ ద్రవ్యం అని రాశాడు. మందుల మీదకంటే వాటి మీద సుంకం రెట్టింపు.

“ఇది మందండి,” అన్నారు గవరయ్యగారు.

“వాసన వస్తోంది కదయ్యా?”

“ఆయ్, వస్తోందండి. ఇంగువకీ వస్తుందండి. పెళ్లిలో చల్లుకుంటామాండీ?”

అధికారి నవ్వలేదు. తగువు మద్రాసుకి రాయమన్నాడు. రాశాను, మంచి ఇంగ్లీషే రాశాను. ఇక పెట్టె కచేరీ కొట్లో పెట్టి సీలు వెయ్యబోతుండగా గవరయ్యగారు ఆగమన్నారు. కర్పూరం గాలికి హరించుకుపోకుండా పీనాంగులో దాంట్లో మిరియాలు వేశారు. మన ఇళ్లలోనూ వేస్తాం. ఆయన నేలమీద కూర్చుని ఆ మిరియాలన్నీ ఏరేశారు. మిరియం కనిపిస్తే రేపు మసాలా దినుసంటారని, తరగతి చెడుతుందని ఆయన భయం.

ఇంటికొచ్చాక మహాలక్ష్మమ్మగారు విని, “మిరియాలు తీసేసేరా? ఎగిరిపోదటండీ?” అన్నారు.

“నాలుగు రోజుల్లో జవాబొస్తుందే.”

“అయితే అంతదాకా ఆగమని కర్పూరానిక్కూడా ఓ అర్జీ రాయించండి. పంతులుగారు ఖాళీగానే ఉన్నారుగా!”

జవాబు రాలేదు. వానలు వచ్చాయి. ఓ పొద్దున్న సత్తెయ్య తడిసి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. “మా ఆడదానికి వాంతులండి బాబూ. వైద్యం చేసే ఆచారిగారు కర్పూరం తెమ్మన్నారండి. ఊళ్లో ఎక్కడా లేదండి.”

గవరయ్యగారు డబ్బు సంచీ తీసుకుని సత్తెయ్య పడవలోనే రేవుకి బయలుదేరారు. నేనూ వెళ్లాను. “సుగంధ ద్రవ్యమేనండి. మీరన్న సుంకమే కట్టేస్తానండి. పెట్టె ఇప్పించండి,” అన్నారు. ఆయన అబద్ధం ఆడగా వినడం నాకదే మొదలు, అదే చివర.

అధికారి చిట్టా తెరిచి చూశాడు. “జవాబు వచ్చేదాకా దానికి ఏ తరగతీ లేదు శెట్టిగారూ. తరగతి లేని సరుకు మీద సుంకమెలా కట్టించుకోను? కట్టందే ఎలా వదలను?” కక్షతో అన్నాడనుకుంటే నాకు కొంత ఊరటగా ఉండేది. పాపం, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

సత్తెయ్య ఆ కచేరీ కొట్టు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి గాలి వచ్చింది. “వాసనొస్తోందండి బాబూ,” అన్నాడు.

పొద్దుగూకకుండానే అతని భార్య పోయింది.

దీపావళి వెళ్లాక మద్రాసు నుంచి జవాబొచ్చింది. మా వాదనే సరైనదట, కర్పూరం మందేనట. పెట్టె తెరిచారు. సీసపు రేకు అడుగున బూజులాంటి తెల్లటి పొర, ఏరడంలో తప్పిపోయిన ఓ మిరియపు గింజ ఉన్నాయి. కర్పూరంలో కొంత గాలికి పోయింది. కొంత చేతులకి కూడా పోయిందేమో; గాలి సాక్ష్యం చెప్పదు.

“మాఫీకి అర్జీ పెట్టుకోండి,” అన్నాడు అధికారి, మెల్లిగా.

“వద్దండి. వచ్చిన సరుకు మీద కదండీ సుంకం. వచ్చిందండి.” మందుల తరగతి ప్రకారం, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా కట్టేశారు. మిరియపు గింజ మొలలో దోపుకున్నారు.

తిరుగు పడవ సత్తెయ్యదే. ఏటి నడిమధ్యలో గడ ఆపి, “ఏవన్నారండి మద్రాసోళ్లు?” అని అడిగాడు.

“మందేనన్నారు, సత్తెయ్యా.”

“ఆయ్,” అన్నాడు సత్తెయ్య. మళ్లీ గడ వేశాడు.

గవరయ్యగారు తన కొట్టు మూసేసి, పోయేదాకా మరొకరి కొట్లో చింతపండు తూచారు. సరిగ్గానే తూచారని చెప్పనక్కర్లేదు. నేను ప్లీడరునయ్యాను. వస్తువుని దాని పేరు పెట్టి పిలవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దాంతో చాలా దావాలు గెలిచాను. తీర్పు కాగితం చేతికందగానే కక్షిదారు నా మొహంలోకి చూసి, ఏమన్నారండీ అని అడుగుతాడు. గెలిచామని చెప్పడానికి నాకెప్పుడూ కొంచెం ఆలస్యమవుతుంది.