రెండో గొంతుకు వదిలిన చోటు

మొన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పక్కింటి మెట్ల మీద నడివయసు మనిషి ఒకతను కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "మా పెద్దమ్మ ఆదివారం పోయింది. ఆస్పత్రిలో, నిద్రలోనే. తనకేమైనా అయితే మీకు చెప్పమంది" అన్నాడు. వారం రోజులుగా నాకు వరసగా డ్యూటీలు. పక్కింటావిడను ఆస్పత్రికి తీసుకెళ్ళిన సంగతే నాకు తెలియదు.

ఈ పరాయి దేశంలో మేముంటున్న పాపకూర అనే ఊళ్ళో మా అద్దె ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య చెక్క కంచె ఒక్కటే అడ్డం. పుట్టింది ఆస్ట్రేలియాలో. తన పాటలు తానే రాసుకుని గిటారు మీద పాడేది. చెల్లెలితో కలిసి చేసిన మొదటి రికార్డు అక్కడి రేడియోల్లో బాగా మోగిందట. ఒకసారి పాడడానికి వెళుతుండగా దారిలో ప్రమాదం జరిగి చెల్లెలు పోయింది. కారు నడిపింది ఈవిడే. ఆ తర్వాత ఇక్కడికొచ్చి మరో రెండు రికార్డులు చేసింది. పెద్దగా ఎవరూ వినలేదు.

మేం దిగిన కొత్తలో మా ఆయన వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "ఆవిడ ఎవరితో పాడుతోంది? ఇంట్లో ఇంకెవరూ లేరుగా" అన్నారు. నేనూ విన్నాను. రెండు మాటలు పాడి ఆగేది. గిటారు సాగుతూనే ఉండేది. అవతల ఎవరో బదులు పాడుతున్నట్టు కాసేపు ఆగి, మళ్ళీ అందుకునేది.

ఒకరోజు కంచె మీదుగా నిమ్మకాయలు అందిస్తుంటే అడిగేశాను.

"ఆ చోటు మా చెల్లిది" అంది. "అక్కడ నేను పాడేస్తే, తనిక రాదని ఒప్పుకున్నట్టే."

రికార్డింగుకు కూర్చునే ముందు, రొద వినబడకూడదని ఫ్రిజ్ ఆపేసేది. మళ్ళీ వెయ్యడం మరిచిపోయేది. "పాలు విరిగాయంటే ఆ రోజు పని బాగా సాగిందన్నమాట" అని నవ్వేది. ఎండాకాలంలో కూడా ఉన్ని సాక్సులు వేసుకునే ఇంట్లో తిరిగేది.

పోయిన చలికాలం తనే మా గుమ్మంలోకి వచ్చింది. "బట్టలు ఆరేస్తూ నువ్వు పాడుకునేవి వింటుంటాను. నా చివరి పాటలో రెండో గొంతు నువ్వు పాడతావా?"

"మీ చెల్లెలి చోట్లో నేనా?"

"ఇన్నేళ్ళు ఖాళీగా ఉంచాను. ఇప్పుడు ఆ ఖాళీ వింటే భయమేస్తోంది."

"ఈ వారం డ్యూటీల రోస్టర్ అయ్యాక వస్తాను" అన్నాను. ఆ తర్వాత ఎన్ని వారాలో అదే మాట చెప్పాను. నిజానికి అడ్డం రోస్టర్ కాదు. పోయిన మనిషి చోట నిలబడాలంటే నాకూ భయమే. ఆవిడకు అది తెలుసనుకుంటాను. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. నిమ్మకాయలు మాత్రం ఇస్తూనే ఉండేది.

"మీరు రాలేదని పెద్దమ్మ ఏమీ అనుకోలేదు" అన్నాడు అతను, ఆవిడ వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తూ. "రాకపోవడం వల్లే పని పూర్తయిందని చెప్పమంది. ఇది మీతో కూర్చుని వినమంది."

పాట మొదలైంది. ఆగాల్సిన చోట ఆగలేదు. సన్నగా, కొంచెం పైస్థాయిలో రెండో గొంతు అందుకుంది. పాడింది ఆవిడే. కానీ అది ఆవిడ గొంతులా లేదు.

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. తల్లి పోయేనాటికి అతనికి మూడేళ్ళు. "మొదటి రికార్డులో మా అమ్మ ఇలాగే పాడుతుంది" అన్నాడు.

పాట అయిపోయింది. రికార్డింగును ఇద్దరిలో ఎవరమూ ఆపలేదు. అందులో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. సాక్సుల మెత్తటి అడుగులు దూరమయ్యాయి. తలుపు తెరుచుకుంది, ఆ వెంటే వాన చప్పుడు. చాలాసేపు వాన ఒక్కటే వినిపించింది. మేం కూర్చున్న చోట ఎండ పడుతోంది.

అతను లేచి వెళ్ళి, వెనక తలుపు తీసి చూశాడు.