కొల్లేటికోటలో మూడు కత్తెర్లు

ఈ బ్లాగులో ఇంతవరకు రాసినవన్నీ ఒక్క రోజులో వెళ్ళి రాగల ఊళ్ళ గురించే. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరుకి అంతకన్నా సెలవు దొరకదు మరి. పాత టపాల ఫొటోల్లో నా చెయ్యి పట్టుకుని, భుజాలు దాటిన జుట్టుతో కనిపించే పిల్ల మా లాస్య. రెండేళ్ళుగా నేనేమీ రాయకపోవడానికి కారణం కూడా తనే. బ్లడ్ కాన్సర్. ఒకసారి తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. విజయవాడలో డాక్టరుగారు మా ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టి, ఇక చేయగల వైద్యం లేదని, ఇంట్లోనే ఉంచుకుని నొప్పి తెలియకుండా చూసుకోమని చెప్పారు. లాస్యకి ఆరేళ్ళు.

మందులు ఆపాక జరిగిందేమిటంటే, దానికి జుట్టు మొలిచింది. నల్లగా, మెత్తగా, అంగుళం కూడా లేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి తడుముకుని చూసుకుంటుంది. మొదటిసారి జుట్టు ఆసుపత్రి దిండు మీద రాలిపోయినప్పుడు, మళ్ళీ వచ్చాక ఎవరినీ ముట్టుకోనివ్వనని దానికి మాటిచ్చాను. ఇక్కడే చిక్కొచ్చింది. దాని పుట్టువెంట్రుకలు కొల్లేటికోట పెద్దింట్లమ్మకి ఇస్తానని మా అత్తగారు ఎప్పుడో మొక్కుకున్నారు. మూడో ఏట ఇద్దామనుకుంటే మా మామగారు పోయారు. ఐదో ఏటికి ఇవ్వడానికి జుట్టే లేదు. ఇప్పుడు వచ్చింది కాబట్టి వెళ్దామన్నారు. ఇస్తే పిల్ల దక్కుతుందని ఆవిడ ఆశ కాబోలనుకున్నాను. ఆ ఆశ మీద నాకు ఒళ్ళు మండింది, దాన్ని కాదనే ధైర్యమూ లేకపోయింది. సరేనని గాని వద్దని గాని చెప్పకుండా టికెట్లు తీశాను. లాస్యకి మాత్రం పక్షుల్ని చూడడానికి వెళ్తున్నామని చెప్పాను. మా ఆయన రానన్నారు. గుండు చేస్తుంటే చూడలేనన్నారు.

జనవరి చివర్లో ఒక మంగళవారం బయలుదేరాం. ఆదివారాలు కొల్లేటికోటలో జనం ఎక్కువ, లాస్యలాంటి పిల్లకి జనం మంచిది కాదు. అంతకు ముందు రోజే రక్తం ఎక్కించారు కాబట్టి హుషారుగా ఉంది. ఏడు గంటల తర్వాత వచ్చే రైలెక్కితే ముప్పావు గంటలో ఏలూరు. కిటికీ పక్కన కూర్చుంటే దెందులూరు దాకా వరిచేలు, చేపల చెరువులు మారిమారి కనిపిస్తాయి. ఎదురు సీటులో ఒక పెద్దావిడ లాస్య మూతికున్న మాస్కుని, తలని మార్చి మార్చి చూశారు.

“పాపకి వైద్యం చేయిస్తున్నారాండీ?” అన్నారు.

“మందులు ఆపేశారండీ.”

“హమ్మయ్య. జుట్టు కూడా వచ్చేసింది కదండీ. ఇంక భయం లేదు.”

అవునన్నట్టు తలూపాను. మా అత్తగారు కూడా ఊపారు. ఇద్దరం ఎందుకు ఊపామో ఒకరినొకరం అడగలేదు.

ఏలూరు స్టేషను బయట లాస్య చెప్పు తెగింది. ప్రయాణం మొదట్లోనే ఇలాంటిది జరిగితే నాకు చిరాకు. అదృష్టం కొద్దీ ఎదురుగానే కొట్టు తీసి ఉంది. దానికి గులాబీరంగు చెప్పులు నచ్చాయి. కొట్టతను కొలత చూసి, “ఎదిగే పిల్ల కదండీ, ఒక సైజు పెద్దది తీసుకోండి. ఏడాది పాటు చూడక్కర్లేదు,” అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? ప్రతి కొట్టులోనూ ప్రతి తల్లికీ చెప్పేదే. నేను మాత్రం రెండు చేతుల్లో రెండు సైజులూ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. సరిపోయేవి కొంటే నేనే ఏదో ఒప్పేసుకున్నట్టు అనిపించింది. పెద్దవి కొంటే పిల్ల తూలి పడుతుందేమోనని భయం. చివరికి పెద్దవే కొని, మడమ దగ్గర రుమాలు మడిచి పెట్టాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆటో రోజంతటికీ మాట్లాడుకోవడం మేలు. పద్దెనిమిది వందలకి ఒప్పుకున్నారు ఏసుబాబుగారు. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేరు మధ్యలోంచే పోతుంది. పెదయడ్లగాడి వంతెన మీద ఆగి చూడండి, రెండు వైపులా నీళ్ళు, గుర్రపుడెక్క, దూరంగా పడవలు. ఆపకుండా పోతే కైకలూరికి గంటంపావు పడుతుంది, పక్కనే ఆటపాక. అక్కడ చెట్ల నిండా గూడబాతులు, అదే పెలికాన్లు. నా పిల్ల వాటిని చూసి మురిసిపోతుందని నేను వారం నుంచీ కలలు కంటున్నాను. అది పది నిమిషాలు చూసి ముక్కు మూసుకుంది.

“అబ్బా కంపు. ఇవి స్నానం చెయ్యవా?”

“నీళ్ళలోనే ఉంటాయి కదా పాపగారూ, ఇంక స్నానమెందుకండీ?” అన్నారు ఏసుబాబుగారు.

“సబ్బు లేదుగా,” అంది లాస్య. తర్వాత చిప్సు కావాలంది. నేను ఏమేమి అనుభూతులు ఊహించుకుని వచ్చానో చెప్పుకుంటే సిగ్గు.

మధ్యాహ్నం కైకలూరులో చిన్న మెస్సులో తిన్నాం. చేపల పులుసు భోజనం నూట ఇరవై. కొరమీను దొరికిన రోజైతే అదే అడగండి. లాస్య నోరు పూసింది, కారం తగిలితే ఏడుస్తుంది. వంటావిడకి చెప్తే లోపలికి వెళ్ళి అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి, చల్లార్చి తెచ్చారు. “మా మనవడికీ ఇలాగే పెడతానండీ,” అన్నారు. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. నాలుగు ముద్దలు తింది. ఈ మధ్య అది ఎక్కువే.

కైకలూరు నుంచి ఆలపాడు మీదుగా కొల్లేటికోటకి అరగంట పైనే పడుతుంది. దారంతా చెరువు గట్లు, మేత బస్తాలు, నీళ్ళు చిలికే మోటార్లు. రోడ్డు సన్నగా ఉంటుంది, ఎదురుగా చేపల లారీ వస్తే ఒకళ్ళు ఆగాల్సిందే. గుడి దగ్గర మేం దిగేసరికి జనం పెద్దగా లేరు. మా అత్తగారు సంచిలోంచి తువ్వాలు, గంధం పొట్లం బయటికి తీశారు. లాస్య ఆ రెండింటినీ చూసింది.

తలనీలాల టికెట్టు ఇచ్చే కిటికీలో కుర్చీ మీద ఉన్నాయన అడిగారు. “గుండుకాండీ, కత్తెర్లకాండీ?”

ఆయనకి కావలసింది ఒక్క మాట. నాకు అదే రాలేదు. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను పక్కకి తప్పుకుని, అన్ని రోజులూ నొక్కిపెట్టుకున్నది అత్తగారి మీద కక్కేశాను.

“ఇది ఇచ్చేస్తే తగ్గిపోతుందా అత్తయ్యగారూ? దాని తల మీద ఉన్నది అదొక్కటే. అది కూడా తీసేద్దామా?”

ఆవిడ కోప్పడలేదు. లాస్యకి వినపడకుండా నన్ను స్తంభం చాటుకి తీసుకెళ్ళారు.

“తగ్గడానికని నేనన్నానా అమ్మా? అది ఏడో నెలలో పుట్టి గాజుపెట్టెలో ఉన్నప్పుడు, బతికి ఇంటికొస్తే జుట్టిస్తానన్నాను. వచ్చింది. ఆరేళ్ళు మనింట్లో తిరిగింది. అమ్మవారు తన మాట తను నిలబెట్టుకుంది. అందుకిద్దామని. ఇప్పుడు కొత్తగా అడగడానికి నాకూ నోరు రావట్లేదమ్మా.”

ఆవిడ ఆశ మీద కోపం తెచ్చుకుని ఇంతదూరం వచ్చాను. తీరా చూస్తే ఆవిడ దగ్గర నాకున్నంత ఆశ కూడా లేదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే పిల్ల కోసం, చెరో గదిలో ఏడ్చామన్నమాట. అయినా ఉన్నదాన్ని తీసుకుపోతుంటే ఇచ్చినందుకు దణ్ణం పెట్టడం ఎలాగో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను. “అది నాకూ తెలీదు తల్లీ,” అన్నారు.

ఈలోగా లాస్య టపటపా చెప్పులు కొట్టుకుంటూ మా దగ్గరకి వచ్చేసింది. “నా జుట్టు గురించేనా?” అంది. దాచేదేముంది, అవునన్నాను. వద్దంటే వెనక్కి వెళ్ళిపోదామని కూడా చెప్పాను.

అది నానమ్మ వైపు తిరిగింది. “అమ్మవారికి నా జుట్టెందుకు?”

“మనకి ఇష్టమైంది ఇవ్వాలని, బంగారం.”

“ఆవిడకి జుట్టు లేదా? ఊడిపోయిందా?”

లాస్య తల మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది. “అయితే కొంచెం ఇస్తాను. అంతా ఇవ్వను.”

కత్తెర్లకే టికెట్టు తీసుకున్నాం, నలభై రూపాయలు. కత్తెర పట్టుకున్నాయనకి ఆ జుట్టు వేళ్ళ మధ్య దొరకడానికే కష్టమైంది. నుదుటి దగ్గర ఒకటి, చెవుల పైన రెండు. లాస్య కళ్ళు మూసుకోలేదు. అయ్యాక తల నిమురుకుని, “ఇంకా ఉంది,” అని నాకు చెప్పింది. అత్తగారు గంధం రాయబోతే అక్కర్లేదంది, గుండు కాదు కదా అని.

లోపల అమ్మవారు కిరీటంతో, పసుపు పూసిన ముఖంతో, పెద్ద కళ్ళతో ఉన్నారు. అత్తగారు చేతులు జోడించి పెదాలు కదిపారు. నేనూ జోడించాను. అడగలేదు, దణ్ణం కూడా పెట్టలేదు, చేతులు మాత్రం అలా ఉన్నాయి. బయటికి వచ్చాక లాస్య నా చెయ్యి లాగింది.

“నువ్వేం అడిగావమ్మా?”

“ఏం అడగలేదు.”

“నేనడిగాను. ఆవిడ కిరీటం కింద జుట్టు కనపడలేదు. ఆవిడకి తొందరగా వచ్చెయ్యాలని అడిగాను.”

అత్తగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎండ తగిలిందేమోనని లాస్య తన నీళ్ళ సీసా నాకిచ్చింది.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను గాని, ఆ ప్రయాణం ఎందుకు చేశామో, అందులో ఏం జరిగిందో మీకు తిన్నగా చెప్పలేకపోతున్నాను. మొక్కు తీరింది, లాస్యకిచ్చిన మాట సగమే నిలిచింది. మా అత్తగారి మీద కోపం పోయింది, మరి దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. పాత టపాల్లో ప్రతి ఊరికీ వెళ్ళొచ్చా వద్దా అని చివర్లో తేల్చి చెప్పేదాన్ని. ఈ ఊరి గురించి తేల్చలేను. నా పిల్లతో ఒక రోజంతా బయట తిరిగాను, అదొక్కటీ నిజం.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. తిరుగు దారిలో పిల్ల ఒళ్ళో నిద్రపోతే, ఏలూరు స్టేషను వచ్చిందని కంగారుగా లేపకండి. ఆటో ఆయన్ని కాసేపు ఆగమని అడగండి. ఏసుబాబుగారు ఇంజను కట్టేసి, “పర్లేదండీ, ఇంకో రైలుంది,” అన్నారు. ఆ రైలు వెళ్ళాక ఇంకోటి కూడా ఉంది.